లియోనీ కఫేలో చక్కెర ఖర్చు

ఒడిలోన్ చక్కెర అడిగినప్పుడు, తాను విన్నది నిజమేనా అని లియోనీ ఒక్క క్షణం ఆగింది.

ఒడిలోన్ అంటే రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరై, ఇప్పుడు పందెం పావురాల్ని చూసుకుంటున్న ఒడిలోన్. ఆదివారాలు బ్రస్సెల్స్ నుంచి షికారుకొచ్చే ఆడవాళ్లు బీరు గ్లాసులో చక్కెర బిళ్లలు వేయించుకుంటుంటే, చూడకూడనిదేదో చూసినట్టు కిటికీలోంచి చర్చి గంట వైపు మొహం తిప్పేసుకునే మనిషి. అలాంటివాడు ఆ మధ్యాహ్నం ఒక గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని, చక్కెర గిన్నె కాస్త ఇటు తొయ్యమన్నాడు. ఆ కాడ కూడా ఇమ్మన్నాడు.

కాడంటే గ్లాసు అడుగున చక్కెర బిళ్లను చిదమడానికి వాడే ఇనుప కాడ. కింద చిన్న బిళ్ల, పైన పట్టుకోవడానికి గుండ్రటి తల. బ్రస్సెల్స్ పక్కనున్న ఆ లోయలో ఏ కఫేకి వెళ్లినా గోడ మేకుకు ఒకటి వేలాడుతూ ఉంటుంది. పుల్లటి బీరు తాగలేనివాళ్ల కోసం ఉంచేది. మగవాళ్లు దాన్ని ముట్టుకోరు. ముట్టుకోకూడదన్న రూలేం లేదు, ముట్టుకోరంతే.

ఒడిలోన్ బిళ్ల వేసి చిదిమాడు. అలవాటు లేని చెయ్యి కదా, బీరు బుస్సుమని పొంగి బల్లంతా పారి అతని పేకముక్కల్ని తడిపింది. లియోనీ గుడ్డ తెచ్చి తుడిచింది. డాక్టరు తీపి తినమన్నాడని అతను సంజాయిషీ ఇచ్చాడు.

"ఏ డాక్టరయ్యా, ఈ వయసులో చక్కెర తినమన్నది?"

"మా పావురాల డాక్టరు."

ఆమె నవ్వింది. ఆ నెలాఖరుకి పాలవాడు అడిగాడు. తర్వాత చర్చి తాళంచెవులు చూసే మెనార్డ్ అడిగాడు. ఎండాకాలం వచ్చేసరికి కాడ మేకుకు వేలాడటం మానేసి బల్లల మీదే కాపురం పెట్టింది. బల్లలు జిగటగా తయారయ్యాయి. సంతకు వెళ్లినప్పుడల్లా లియోనీ సంచీలో చక్కెర పొట్లాలు బరువెక్కాయి. కొట్టు యజమానురాలు, జామ్ కాస్తున్నారా, ఇప్పుడే పళ్లున్నాయి అని ఆరా తీసింది.

లియోనీ భర్త కామిల్ బీరు కాచేవాడు కాదు, కలిపేవాడు. చలికాలంలో పక్క ఊరి బీరు బట్టీవాళ్లు బార్లీ, గోధుమలు కాచి, చూరు కింద రాగి తొట్టిలో రాత్రంతా గాలికి వదిలేసిన పచ్చి రసాన్ని కొనుక్కొచ్చి కఫే వెనక కొట్టులో ఉన్న తన పీపాల్లో పోసుకునేవాడు. గాలిలో ఏముంటే దానితోనే అది పులిసేది. అలా పులిసినదాన్ని లాంబిక్ అంటారు. రెండు మూడు చలికాలాలు దాన్ని అలాగే వదిలేసి, ఒక వసంతంలో ముసలిదాన్నీ పడుచుదాన్నీ కలిపి సీసాల్లో బిరడా బిగిస్తే, రుచి ముసలిదిచ్చేది, పొంగు పడుచుదిచ్చేది. అది గూజ్. కామిల్ తండ్రీ కలిపాడు, తాతా కలిపాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల వీధికో కలిపేవాడుండేవాడు. ఇప్పుడు వాళ్ల పీపాల్ని అడ్డంగా కోసి ఇళ్ల ముందు జెరేనియం మొక్కలు పెంచుతున్నారు.

ఇలా కలిపేవాడి ఇంట్లో కూర్చుని అతని బీరు బాగోలేదని ఎవరూ అనరు. కన్నతల్లి ముందు ఆమె బిడ్డ మెల్లకన్ను గురించి మాట్లాడతామా? చక్కెర అడుగుతారు.

కామిల్‌కు ఇది కనిపించకపోలేదు. కనిపించింది, అర్థమూ చేసుకున్నాడు, కాకపోతే తలకిందులుగా. బ్రస్సెల్స్‌లో గూజ్ పేరు పెట్టి అమ్ముతున్న తియ్యటి నీళ్లు తాగి తాగి ఊరి నాలుకంతా చెడిపోయిందన్నాడు. ఒడిలోన్ లాంటివాడి నాలుక కూడా పోయిందంటే ఇంక ఈ దేశంలో మిగిలిందేమిటన్నాడు. రాత్రి దుప్పటి కప్పుకుంటూ, పాపం ఒడిలోన్, అనేవాడు. మర్నాడు పాపం మెనార్డ్. ఊళ్లో ఒక్కొక్కరికీ సంతాపం తెలుపుతూ పోయాడు.

లియోనీకి అసలు సంగతి తెలియడానికి కఫే అవసరం రాలేదు, వంటిల్లు చాలింది. పెళ్లయినప్పటి నుంచీ కామిల్ ఆమె వంటకు వంక పెట్టని పూట లేదు. సూప్‌లో ఆకుకూర ముదురుదనేవాడు, వెన్న నిన్నటిదనేవాడు, కుందేలు కూరలో లవంగం ఒకటెక్కువైందనేవాడు. లవంగాలు లెక్కపెట్టి చూసుకుంటే నిజంగానే ఒకటెక్కువుండేది, అదింకా మంట. అలాంటి మనిషి రెండేళ్ల కిందట చలికాలం మంచాన పడేసిన జ్వరం నుంచి లేచాక, పెట్టింది పెట్టినట్టు తినడం మొదలుపెట్టాడు. లియోనీ దాన్ని ప్రేమ అనుకుంది. చావు అంచుదాకా వెళ్లొస్తే మగవాడికి పెళ్లాం విలువ తెలుస్తుందని పక్కింటావిడతో కూడా అంది. ఆ ముచ్చట కొన్ని వారాలు సాగింది.

ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి ఆమె పెరట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా మాడు కంపు. కామిల్ ఆ పొయ్యి పక్కనే కూర్చుని బిరడాలు ఏరుకుంటున్నాడు. తల కూడా ఎత్తలేదు.

ఆమె కిటికీలు తెరిచి, మాడిన గిన్నె నానబెట్టి, ఆ తర్వాత చాలాసేపు గిన్నెనే చూస్తూ నిలబడింది. ముక్కు పోయింది. ముక్కుతో పాటు నాలుకా పోయింది. ముక్కు లేకుండా బీరు కలపడమంటే కళ్లు లేకుండా సూదిలో దారం ఎక్కించడమే. సూది దొరక్కపోతే గుడ్డివాడికి కనీసం తెలుస్తుంది. ఈయనకు అదీ తెలియదు. ఎక్కించానన్న నమ్మకంతోనే ఇంతకాలం కుడుతూ వస్తున్నాడు.

చెప్పాలనుకుంది. ఎన్నిసార్లనుకుందో. పొద్దున చెబుదామనుకుంటే కాఫీ తాగుతుండేవాడు, తాగుతున్న మనిషికి రుచి లేదని ఎలా చెప్పడం? సాయంత్రం చెబుదామనుకుంటే అలసి ఉండేవాడు. ఒడిలోన్‌ను పట్టుకుని నువ్వు చెప్పమని బతిమాలింది.

"నేనా? వాడి పెళ్లిలో వాళ్ల నాన్న పోసిన గూజ్ తాగినవాణ్ణి," అన్నాడు ఒడిలోన్. "వాడి గ్లాసు పట్టుకుని వాడి మొహాన ఆ మాటనలేను లియోనీ. నువ్వు పెళ్లానివి. నీకు హక్కుంది."

"హక్కుంది. నోరే రావట్లేదు."

"మరి నాకెక్కణ్నుంచి వస్తుంది?" అని అతను చక్కెర గిన్నె అందుకున్నాడు.

ఆ చలికాలంలో బట్టీ మూతపడింది. యజమాని కొడుకులు రాగి తొట్టిని ముక్కలు చేయించి పాతసామాన్లవాడికి అమ్మేశారు. కొత్త రసం ఇచ్చేవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు, ఉన్నవాళ్లు బయటివాళ్లకు పోయరు. అంటే పీపాల్లో ఉన్నదే ఉన్నది. ఈ వసంతంలో కామిల్ కలపబోయేదే ఆ ఇంటి ఆఖరి గూజ్.

ఆ మాట కామిల్ ఒకసారే అన్నాడు, బూట్లు విప్పుకుంటూ. తర్వాత ఎత్తలేదు. కానీ సీసాలు తనే కడగడం మొదలుపెట్టాడు. ఎండకు ఎత్తి చూసి, మచ్చ కనిపిస్తే మళ్లీ కడిగాడు.

లియోనీ కోరుకున్నది పెద్దదేం కాదు. ఆ ఆఖరి గూజ్‌ను ఊళ్లోవాళ్లు చక్కెర లేకుండా తాగాలి. ఒడిలోన్ ఒక గ్లాసు తాగి ఇంకో గ్లాసు అడగాలి. అది కామిల్ చూడాలి. తర్వాత ముక్కుంటే ఎంత, లేకపోతే ఎంత?

ఈస్టర్ తర్వాతి ఆదివారం, కామిల్ ఒడిలోన్ ఇంటి పెరట్లో పందెం నుంచి తిరిగొచ్చే పావురాల కోసం ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నప్పుడు, ఆమె ఒక గ్లాసూ కొవ్వొత్తీ పట్టుకుని వెనక పీపాల కొట్టులోకి వెళ్లింది. ఆ కొట్టులో ఊడ్చే హక్కు ఆమెకు ఏనాడూ లేదు. సాలెగూళ్లు తీస్తే సాలీళ్లు పోతాయి, సాలీళ్లు పోతే ఈగలు చేరతాయి, ఈగలు చేరితే పీపా చెడుతుంది. కోడలిగా అడుగుపెట్టిన రోజే మామగారు చీపురు లాక్కుని నేర్పిన పాఠం అది. అన్నేళ్ల బూజు చూసినప్పుడల్లా ఆమె చేతులు దురద పెట్టేవి.

ముసలి పీపాలు మూడే మిగిలాయి. ముగ్గురికీ పేర్లున్నాయి. ఉత్తరపు గోడకానుకుని చల్లగా, ఎవరితో పని లేనట్టు ఉండేది వితంతువు. దాని పక్కన సన్నగా పొడుగ్గా నోటరీ. పైకప్పు అద్దం కింద, అందరికన్నా లావుగా, ఎప్పుడూ తను చెప్పిందే వేదమన్నట్టు కూర్చునేది పాదిరి. తండ్రి కాలం నుంచీ గూజ్‌కు గుండెకాయ పాదిరే. మిగతావి దానికి తోడు పోసేవి.

ముందు వితంతువుకున్న చిన్న మేకు పీకి సన్నధార పట్టింది. తాగింది. పాత ఆపిల్ కొట్టులాంటి వాసన, తడి ఎండుగడ్డి, ఆ వెనక నెమ్మదిగా వచ్చి నెమ్మదిగా పోయే పులుపు. కొవ్వొత్తి పట్టుకుని ఆమె అక్కడే కాసేపు నిలబడిపోయింది. ఇంత మంచిది ఇంట్లో ఉందని ఆమెకు తెలియదు. నోటరీ కూడా బాగానే ఉన్నాడు, కాస్త బిగుసుకుని, పేరుకు తగ్గట్టు.

పాదిరి దగ్గరకొచ్చేసరికి తాగాల్సిన పనే లేకపోయింది. ఆ పీపా చుట్టూ సాలీళ్లు మిగతా చోట్లకన్నా బలిసి ఉన్నాయి. ఒక్కో గూడు నిండా సన్న ఈగలు. పైనున్న ఇనుప కట్టు ఒకటి వదులైంది. ఎండకు చెక్క ఎండి లోపలికి గాలి దూరినట్టుంది, దూరి ఎన్నాళ్లైందో. అయినా తాగి చూసింది. పళ్లు జివ్వుమన్నాయి. అచ్చమైన వెనిగర్. ఇన్నాళ్లుగా ఊరు చక్కెర కలుపుకు తాగింది దీన్నే.

ఆమెకు దుఃఖం రాలేదు, ఎత్తు తోచింది. పాదిరిని పక్కన పెడితే చాలు, మిగతా రెండింటితో ఆఖరి గూజ్ మామగారి కాలం నాటిలా వస్తుంది. ఆ పక్కన పెట్టేదేదో కామిల్ తన నోటితో పెడితే ఆయన పరువూ దక్కుతుంది. కామిల్ పాదిరిని ఎందుకు వదులుకోడు? ఇంత వెనిగర్ కూడా ఆయన నాలుకకు అందట్లేదేమో, అందుకే వదులుకోవట్లేదు. అయితే అందేలా చేస్తే సరి.

బీరు రుచి చూడటం కొట్టులో కాదు, వంటింటి బల్ల దగ్గర. పీపాల మధ్య ముక్కు మోసపోతుందని మామగారు పెట్టిన పద్ధతి. కూజాల్లో పట్టి తెచ్చిపెట్టడం ఎప్పుడూ లియోనీ పనే. కలిపే రోజు పొద్దున కామిల్ గడ్డం గీసుకుని, ఆదివారం చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చునేసరికి బల్ల మీద మూడు మట్టి కూజాలు, రొట్టె, ముల్లంగి ముక్కలు ఉన్నాయి. పాదిరి కూజాలో లాంబిక్‌తో పాటు, ఉల్లిపాయల ఊరగాయకు వాడే వంటింటి వెనిగర్ ఒక గరిటెడు ఉంది. శవం కూడా ఉమ్మేస్తుంది అనుకుంటూ పోసింది లియోనీ. పోశాక సీసాను కామిల్ వెనకున్న అల్మారాలో ఆవాల డబ్బా పక్కన పెట్టేసింది.

బయట ఒడిలోన్ పంపుకు గొట్టాలు తగిలిస్తున్నాడు.

కామిల్ ముందు వితంతువు గ్లాసు ఎత్తాడు. వెలుగుకు పట్టి రంగు చూశాడు. తిప్పాడు. ముక్కు పెట్టాడు. ఆ పద్ధతంతా చూస్తుంటే ఏదీ పోయినట్టుండదు. పుక్కిలించి మింగాడు.

"నీళ్లు," అన్నాడు. "పాపం చచ్చిపోయింది."

కామిల్ నోటరీని తాగాడు. వీడూ నోరు విప్పట్లేదు, ఫీజు ముందు బల్ల మీద పెట్టాలి కాబోలు అన్నాడు. అని నవ్వలేదు. రొట్టె ముక్క తుంచి తినకుండా చేత్తో పట్టుకున్నాడు. అప్పుడామెకు తోచింది, ఈయన భయపడుతున్నాడని. రెండేళ్లుగా ఏ పీపా దగ్గరికెళ్లినా దాదాపు నీళ్లే. ఊళ్లోవాళ్ల నాలుకల గురించి అంతగా మాట్లాడింది అందుకేనేమో.

పాదిరి గ్లాసు ఎత్తాడు. ఒక గుక్క తాగాడు.

ఆయన కళ్లు మూతలు పడ్డాయి. దవడ బిగిసింది. లియోనీ గుడ్డ అందుకుంది, ఉమ్మితే తుడవడానికి. ఆయన ఉమ్మలేదు. మింగి, ఇంకో గుక్క తాగి, కళ్లు తెరిచాడు. కళ్లలో నీళ్లు. మొహమంతా వెలుగు. జ్వరం తర్వాత ఆ మొహంలో అంత వెలుగు ఆమె చూడలేదు.

"విను లియోనీ. వీడు మాట్లాడుతున్నాడు," అన్నాడు మెల్లగా. "పాదిరిగాడు బతికే ఉన్నాడే."

చింత చచ్చినా పులుపు చావదంటారు. కామిల్ నోట్లో అన్నీ చచ్చి పులుపొక్కటే మిగిలింది, అదీ గరిటెడు వెనిగర్ పోస్తే గాని గట్టిగా వినపడనంత దూరంలో. ఏటా పాదిరినే ఎంచుకున్నది అలవాటు కొద్దీ కాదు. చీకట్లో ఆయనకు లీలగానైనా పలికింది అదొక్కటే. ఊరంతటినీ జడిపించిన ఆ పులుపే ఆయనను పలకరించింది.

మిగతా రెండింటినీ పూర్తిగా, ఏటా తోడగా సగానికి దిగిన పాదిరిలోకే తోడేద్దామన్నాడు కామిల్. పడుచు పీపాలు కూడా. ఆఖరిది గనక ఏదీ మిగల్చకూడదు, వితంతువును విడిగా ఉంచి ఏం చేసుకుంటాం, పాదిరి పక్కన చేరితే దానిక్కూడా కాస్త ప్రాణం వస్తుంది అన్నాడు. మాటలు గబగబా వస్తున్నాయి. నాన్న ఉంటే బాగుండేదన్నాడు.

ఇక ఇప్పుడు చెప్పకపోతే ఎప్పుడూ లేదు. లియోనీ పాదిరి గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"కామిల్, ఇది వెనిగర్."

ఆయన అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండేది, అరుపుకు అరుపు బదులుంటుంది. కామిల్ ఆమెనే చూశాడు. చూస్తుండగా ఆ మొహంలో వెలుగు పోలేదు, మెత్తబడింది. రొట్టె ముక్క కింద పెట్టి, బల్ల మీదుగా చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచే?"

"ఏది?"

"నీ నాలుక. చెప్పలేదే నాకు."

ఆమె గ్లాసును పక్కకు జరిపింది.

"ఊరంతా పోయినా నీది ఉందనుకున్నాను," అన్నాడు కామిల్. "పోనీలే. నువ్వేం చేస్తావు? అందరికీ పోతోంది."

ఆయన తలకు జానెడు వెనక, ఆవాల డబ్బా పక్కన వెనిగర్ సీసా ఉంది. లేచి తెచ్చి ఆయన ముందు పెడితే చాలు. ఇదుగో, దీన్నే నువ్వు బతికే ఉన్నాడన్నావు, ఉల్లిపాయల వెనిగర్‌తో మాట్లాడావు నువ్వు, అంటే చాలు. లియోనీ సీసా వైపు చూసింది. లేవబోయింది కూడా. కుర్చీ కిర్రుమంది. అంతలో కామిలే లేచాడు.

కఫేలోకి వెళ్లి చక్కెర గిన్నె, ఇనుప కాడ తెచ్చాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆ కాడను ఆయన పట్టుకోగా ఆమె చూడలేదు. ఎవరైనా దాన్ని బల్ల మీద మరిచిపోతే చేత్తో తీయకుండా ఆమెను పిలిచేవాడు. ఇప్పుడు గ్లాసులో ఒక బిళ్ల వేసి, గ్లాసును కాస్త వంచి, పొంగు రాకుండా, చుక్క ఒలకకుండా ఓపిగ్గా చిదిమాడు. ఎంత పద్ధతిగా చిదిమాడంటే, ఇన్నేళ్లుగా ఇతరులు చిదమడం చూసి, వాళ్లంతా తప్పుగా చేస్తున్నారని మనసులో అనుకుంటూనే ఉన్నాడన్నమాట.

"ఇంకోటి వెయ్యనా?"

"వెయ్యి," అంది లియోనీ.

వేశాడు. చిదిమాడు. గ్లాసు ఆమె చేతికిచ్చి ఎదురుగా కూర్చుని చూశాడు. ఆమె తాగింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుంది."

ఒడిలోన్ చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి, గొట్టాలు తగిలించానని, దేంట్లోకి తోడమంటారని అడిగాడు. అడుగుతూనే లియోనీ ముందున్న గ్లాసునూ, కామిల్ చేతిలోని కాడనూ చూశాడు. చూసి, కిటికీలోంచి చర్చి గంట వైపు మొహం తిప్పేసుకున్నాడు.

"పాదిరిలోకి," అన్నాడు కామిల్. "అన్నీ."

వాళ్లిద్దరూ కొట్టులోకి వెళ్లారు. కాసేపట్లో పంపు చప్పుడు మొదలైంది. ముందు వితంతువు వెళ్లిపోయింది, ఆ తర్వాత నోటరీ. లియోనీ వంటింట్లో కూర్చుని పంపు ఆగేదాకా వింది. సాయంత్రం సీసాలు నింపి, బిరడాలు బిగించి, నేలమాళిగలో అడ్డంగా పేర్చారు. పైకి ఉండాల్సిన వైపు తెలియడానికి ప్రతి సీసా అడుగునా కామిల్ సున్నం బొట్టు పెట్టాడు. ఒక్కటీ వదలకుండా అన్నిటికీ తన చేత్తోనే పెట్టాడు. వచ్చే శరత్కాలానికి తయారవుతాయి. ఊళ్లోవాళ్లంతా వస్తారు, ఆఖరిది గదా.

బల్ల మీద కూజాల్లో వితంతువు, నోటరీ కొంచెం కొంచెం మిగిలాయి. పారబోయడానికి ఆమెకు చేతులు రాలేదు. కుందేలు మాంసం కోసి, ఉల్లిపాయలు వేయించి, రెండు కూజాలూ ఆ కుండలోకి వంచింది. సన్నమంట మీద అది ఉడుకుతుంటే ఇల్లంతా ఆ పాత ఆపిల్ వాసన కమ్ముకుంది. కామిల్ చొక్కా మార్చుకుని ఆ వాసన మధ్యలోంచి నడిచొచ్చి, వంటేమిటని అడిగాడు.

ఆమె కూరలో ఉప్పు వేయలేదు. మరిచిపోయి కాదు. లవంగాలు మాత్రం చేతికొచ్చినన్ని వేసింది. కామిల్ ముందు పళ్లెం పెట్టి ఎదురుగా కూర్చుని, ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవడం చూసింది. నమిలాడు, మింగాడు. ఏదో అనబోతున్నట్టు తలెత్తాడు. లియోనీ చెంచా పట్టుకున్న చెయ్యి ఆగింది.

"ఇంకాస్త ఉందా?" అన్నాడు కామిల్.

ఉంది. వడ్డించింది.